గెట్టు మీది గడ్డి

ఇది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. పోయిన ఎండాకాలం చివర్లో మా బాపు మా చెల్క గెట్టు మీద రెండుసార్లు కొట్టింది గడ్డి మందు కాదు, నీళ్లు. రంగు కోసం చిటికెడు పసుపు, నురగ కోసం ఒక షాంపూ ప్యాకెట్ వేసిన నీళ్లు. కలిపింది నేనే.

బాపు డ్యూటీకి పోయాక, ముక్కుకు చున్నీ కట్టుకుని, చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని, డబ్బాలోని మందునంతా పాత నూనె క్యాన్‌లోకి వంచాను. మూత బిగించి, ఆ మూత మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, నాలుగు వైపులా మార్కర్‌తో 'విషం' అని రాశాను. ఎవరి చెయ్యీ అందని చోట, స్నానాల గది పైకప్పు రేకుల కింద దాచాను. పారబోయలేదు. మా మట్టిని కాపాడుకోవడానికి ఇంకో చోటి మట్టిలో దాన్ని పోయడం నా వల్ల కాలేదు. డబ్బా అడుగున మిగిలిన నాలుగు చుక్కల వల్ల వాసన మాత్రం పోలేదు. అదే నన్ను కాపాడింది.

చేసింది తప్పే. కానీ ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

మా చెల్క ఇబ్రహీంపట్నం దాటి కందుకూరు దిక్కు పోతే వస్తుంది. రెండెకరాల ఎర్రమట్టి, ఏటవాలు. పైన ప్లాట్ల వెంచర్, మధ్యలో మేము, మా కింద పెద్దబాపు చేను. పెద్దబాపు అంటే మా బాపుకు పెద్దనాయన కొడుకు. ఆయన చేనుకూ మా చెల్కకూ నడుమ ఉన్నదే ఈ గెట్టు. బాపు రావిర్యాల దగ్గర ఒక గోదాంలో సెక్యూరిటీ పని చేస్తాడు కాబట్టి సెలవు రోజుల్లో మాత్రమే రైతు. మిగతా రోజులన్నీ అమ్మే రైతు. నేను డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకుంటూ, ఆ పుస్తకాల మధ్యలో గ్రంథాలయం నుంచి తెచ్చిన వేరే పుస్తకాలు పెట్టుకుని చదివే పిల్లను. చుట్టాలొస్తే బర్రె కొట్టంలోకి పోయే పిల్లను. "మీ పిల్లకు నోరుందా?" అని ఎవరన్నా అడిగితే అమ్మ, "ఉంది, తినేటప్పుడు తెరుస్తది" అనేది.

మా దగ్గర రైతు మంచోడా కాదా అన్నది చేను చూసి చెప్పరు, గెట్టు చూసి చెప్తారు. మొదటి వానకు ముందు అందరూ గెట్టు చెక్కుతారు. పారతో రెండు పక్కలా గీకి, గడ్డిని వేర్లతో సహా లేపి, ఎండాక నిప్పు పెడతారు. గెట్టు నున్నగా, ఎర్రగా, అప్పుడే అలికిన అరుగులా ఉండాలి. పార పట్టే చేతులు తక్కువయ్యాక ఆ పని గడ్డి మందు చేస్తోంది. గెట్టు మీద గడ్డి ఉందంటే ఆ ఇంట్లో సోమరులున్నారని లెక్క. అమ్మ ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నెత్తి మీద తట్ట పెట్టుకుని ఆ గెట్టు మీద దర్జాగా నడిచేదట. చెక్కీ చెక్కీ, ఇప్పుడు దాని మీద ఒక కాలు పెడితే రెండో కాలికి చోటు లేదు.

మట్టి పోతోందని నాకు తెలిసింది అంతకు ముందు వానకాలంలో. గట్టి వాన పడి నిలిచినప్పుడల్లా, చెల్క కింది మూలలో గెట్టు దాటి నీళ్లు పోయే చోట, ఒక ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ముంచి తెచ్చేదాన్ని. ఇంటి గోడ మీద పెడితే మర్నాటికి నీళ్లు తేరి, మట్టి అడుగుకు చేరేది. దాన్ని వేళ్లతో కొలిచి డైరీలో రాసుకునేదాన్ని. 'ఈ రోజు రెండు వేళ్లు.' 'మూడు వేళ్లు, పైన నీళ్లింకా ఎర్రగానే ఉన్నాయి.' ఎవరికీ చూపించాలని కాదు. నేను ఏది చూసినా రాసుకుంటాను, అంతే. కానీ గోడ నిండా సీసాలు నిలబడ్డాక ఒకరోజు బాపును పిలిచి చూపించాను.

"మట్టి పోతె పోతది బిడ్డా" అన్నాడు బాపు. "దున్నితె కిందికెళ్లి మల్ల వస్తది."

మా వాళ్లందరి నమ్మకం ఇదే. బాయిలో నీళ్లు ఊరినట్టు మట్టి కూడా కింద నుంచి ఊరుతుందని. కానీ దున్నినప్పుడల్లా మాకు పైకి వచ్చేవి రాళ్లు. అమ్మా నేనూ వాటిని ఏరి ఒక పక్కన పోసేవాళ్లం. ఆ కుప్ప ఏటేటా పెరుగుతోంది. పెద్దబాపు చేనులో మాత్రం అట్లాంటి కుప్ప లేదు. ఆయన వంగ చెట్లు మెత్తటి నేలలో మోకాలెత్తు పెరిగి నవనవలాడేవి.

ఆ గెట్టు మీద ఉన్న కాస్త గరికనూ చంపడానికి బాపు మందు డబ్బా తెచ్చినప్పుడు నాకు నోటితో వద్దనే ధైర్యం లేకపోయింది. అందుకే నీళ్లు కలిపాను.

మొదటిసారి కొట్టేటప్పుడు బాపు సంతోషపడ్డాడు. "నురగ చూడు ఎట్లొస్తుందో. మందు మస్తుగుంది." వారం తర్వాత చూస్తే గరిక ఇంకాస్త పచ్చబడింది. ఎండలో నీళ్లు దొరికాయి మరి. బాపు రెండోసారి మోతాదు పెంచి కొట్టాడు. ఈసారి కొత్త చిగుళ్లే వచ్చాయి.

పెద్దబాపు తన చేనులోంచే అరిచాడు. "ఏం కొట్టినవ్‌రా తమ్మీ? గడ్డి మందా, యూరియానా?"

ఆ మాట బాపును కాల్చింది. మర్నాడే డబ్బా పట్టుకుని ఇబ్రహీంపట్నం బయలుదేరాడు. గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చేది ఉందని నన్నూ బండి ఎక్కించుకున్నాడు. మందుల దుకాణం ముందు బండి ఆపి, దిగుతూనే మొదలుపెట్టాడు.

"డూప్లికేట్ మాల్ అమ్ముతవా నాకు?"

దుకాణపాయన నిదానస్తుడు. "అన్నా, కొట్టినంక వాన పడ్డదా?"

"చినుకు లేదు."

"మందు కొట్టే పంపుల ఏమన్న తేడా..."

"నా పంపును అంటవేంది? పంపు పదేండ్ల సంది కొడుతుంది. నువ్వు నీళ్లు పోసి అమ్మినవ్!"

దుకాణంలో ఉన్న ఇద్దరు రైతులు చేతిలోని విత్తనాల ప్యాకెట్లను మెల్లగా బల్ల మీద పెట్టేశారు. దుకాణపాయన ముఖం మాడిపోయింది. నేను ఎరువు బస్తాల పక్కన పుస్తకాలు గుండెకు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. అది నోటి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఇప్పటికీ షేర్ ఆటోలో ఆ దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు తల అటు తిప్పుకుంటాను. నా మొత్తం కథలో నేను సిగ్గుపడేది ఆ ఒక్క నిమిషానికే.

ఆయన లోపలికి పోయి ఇంకో డబ్బా తెచ్చాడు. "ఇది తీస్కపో అన్నా, ఊకెనే. నా పేరు ఖరాబ్ చెయ్యకు. ఇది కొడితె గడ్డి గాదు, గడ్డి తాత గూడ లేవడు."

ఇంటి దాకా ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని నేనే తెచ్చాను. నా తెలివితేటలు ఇంటికి ఇంకా ఘాటైన విషాన్ని తెచ్చి పెట్టాయి. ఇక దొంగచాటు పనులతో కాదని బండి మీదే అర్థమైంది. దీన్నీ మారిస్తే ఇంకోటి వస్తుంది. గడ్డి ఉండాలంటే నేను నోరు తెరవాలి.

మర్నాడు బాపుకు సెలవు. పొద్దున్నే పంపు నింపుకుని, వీపుకు తగిలించుకుని చెల్కకు వచ్చేసరికి నేను గెట్టు మీద నిలబడి ఉన్నాను. అమ్మ టమాట సాళ్లలో కలుపు తీస్తోంది. పెద్దబాపు తన చేనులో పార మీద గడ్డం ఆనించుకుని తమాషా చూస్తున్నాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు బాపు.

"జరుగను."

తప్పుగా విన్నానేమో అన్నట్టు చూశాడు. "మందు మీద పడ్తది, జరుగు."

"పడనీ. నేను జరుగ. ఈ గడ్డి మీద మందు కొట్టనీయను."

పెద్దబాపు పక్కున నవ్వాడు. "అగో! పిల్లకు మాటలొచ్చినయ్‌రో! ఈ రోజు వాన గ్యారంటీ."

గరికను పాదాలతో అదిమి పట్టుకుని నిలబడ్డాను. "బాపూ, ఈ గెట్టును పట్టుకున్నయే గడ్డి ఏర్లు. గడ్డి సస్తె గెట్టు ఉండది. గెట్టు పోతె మట్టి ఉండది."

"ఏ పుస్తకంల రాసిండ్రు గిది?"

"మన గోడ మీద సీసాల్లనే ఉంది."

"గరిక సంగతి నీకు తెల్వది" అన్నాడు బాపు. కోపంగా కాదు, పాఠం చెప్తున్నట్టు. "చేన్లకు దిగిందంటె మూడేండ్లు ఏరినా పోదు. పంట నోటికాడికి రాదు."

ఆ మాట నిజమే. నేను తడబడడం చూసి పెద్దబాపు అందుకున్నాడు.

"అరె, ఇంత లొల్లి ఎందుకె? పైన చూడు, వెంచరోడు హద్దుకు రాతి కడీలు పాతిండు. నాలుగేండ్లు ఆగితె ఇక్కడ గూడ ప్లాట్లే. ప్లాట్లయ్యె భూమికి మట్టెందుకె పిచ్చిదానా? గెట్టు గిట్ల అడివి లెక్కుంటె కొనెటోడు గూడ రాడు."

ఈ మాట ఆయన ఒక్కడిది కాదు. తుర్కయాంజాల్ నుంచి మా దాకా రోడ్డు పొడుగునా ఎవరిని కదిపినా ఇదే మాట. రేపు అమ్మే నేలకు ఇవాళ అన్నం పెట్టడమెందుకని. ఏళ్లుగా వింటూ డైరీలో మాత్రమే జవాబు రాసుకున్నాను. ఆ రోజు అది బయటికి వచ్చింది.

"ప్లాట్లయ్యె దాక ఏం తినాలె పెద్దబాపూ? కడీలా?"

టమాట సాళ్లలోంచి అమ్మ నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు ఇంకొంచెం బలమిచ్చింది. అవసరమైన దానికన్నా ఎక్కువే ఇచ్చిందేమో.

"నీకు మట్టి ఫికర్ ఎందుకుంటది? మా మట్టి నీ చేన్లకే వస్తుంది. ఏటేటా గెట్టు చెక్కేది నువ్వే, గెట్టు సాఫుంచాలె అని మాకు చెప్పేది నువ్వే. నీ చేన్ల మోకాలంత తవ్వినా రాయి తగలది. మా దాంట్ల బెత్తెడు తవ్వితె రాయే. ఆ వంకాయలు నీయి గావు, మాయి!"

పెద్దబాపు నవ్వు ఆగింది.

"మట్టి మీద మీ పేరు రాసుందా? వాన తెచ్చి పోసింది. పోయి వాననడుగు" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "మంచిగ పెంచినవ్‌రా" అని పార భుజానేసుకుని వెళ్లిపోయాడు.

బాపు పంపు దించాడు. నా మాట నచ్చి కాదు, సిగ్గుతో. "పెద్దోళ్లతోని మాట్లాడుడు గిట్లనేనా? ఇరవై మూడేండ్లు నోరు తెర్వకుంట, తెరిచి తెరిచి ఇట్ల తెరిచినవ్" అన్నాడు. నేను గెట్టు దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనని తెలుసు. చాలాసేపు అట్లా నిలబడ్డాక ఆయనే అన్నాడు. "ఒక్క వానకాలం ఇస్త. గరిక ఒక్క పోస చేన్లకు దిగిందంటె కొడ్త. నువ్వు అడ్డం నిలవడ్డా కొడ్త." ఆ కొత్త డబ్బాను బర్రె కొట్టం గుంజకు, పాలు పిండేటప్పుడు నా కళ్లకు ఎదురుగా ఉండేట్టు, వేలాడదీశాడు.

అప్పటి నుంచి నా పొద్దులు మారిపోయాయి. గెట్టు అంచు పొడుగునా మా వైపు పారతో చిన్న కాలువ తీశాను, గరిక తీగలు దాటి రాకుండా. అయినా వచ్చేవి. రోజూ చద్దన్నం తినకముందే పోయి, కాలువ దాటిన ప్రతి తీగనూ పీకేదాన్ని. గెట్టు మీద బొబ్బర్లు, నడుమ నడుమ కంది గింజలు పెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. "ఏందమ్మా, గెట్టుకు ఎంట్రుకలు పెంచుతున్నవా?" అని ఒకాయన అడిగాడు. తల దించుకున్నాను కానీ చేతిలో పని ఆపలేదు.

బొబ్బర్లకు పేనుబంక పట్టింది. తీగల చివర్లు నల్లగా, జిగటగా అయిపోయాయి. అమ్మ కూడా భయపడింది. "ఇది టమాటలకు పాకితె నీ బాపును నేను ఆపలేను." నాకూ నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు పోయి చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు ఎర్రటి అక్షింతల పురుగులు కనిపించాయి, ముందు రెండు, తర్వాత లెక్క తప్పేన్ని. అవి పేనుబంకను తింటుంటే గొంగళిలా ఉండే వాటి పిల్లలు ఇంకా ఆత్రంగా తిన్నాయి. సగం బొబ్బర్లు పోయాయి. టమాటలకు మాత్రం పాకలేదు. అమ్మ ఒక పురుగును వేలి మీద ఎక్కించుకుని చూసి, "నీ లెక్కనే ఉంది, సప్పుడు చెయ్యకుంట పని చేస్తది" అంది.

వానకాలం నడిమిలో రెండు రోజులు ఆగకుండా పడింది. మూడో పొద్దున అమ్మ అరుపుకు బాపూ నేనూ పరుగెత్తాం. గెట్టుకు గండి పడింది. ఎక్కడో కాదు, నేను గడ్డి పెంచిన చోటే. గడ్డి చాటున ఎలుకలు బొక్క చేశాయి, నీళ్లు అందులో దూరి తోసేశాయి. ఎర్ర నీళ్లు పెద్దబాపు చేనులోకి దూకుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. బాపు "రాళ్లు తే" అన్నాడు. ఏళ్లుగా ఏరిన ఆ కుప్పలోంచి రాళ్లు మోసుకొచ్చాను. ఆయన గండిలోకి దిగి మోకాలి లోతు నీళ్లలో ఒక్కొక్కటీ పేర్చాడు. మట్టి కోసం గెట్టును తవ్వబోయి పార ఆపాడు. పార దిగడం లేదు. మళ్లీ బలంగా వేశాడు. వేర్లు తెగే చప్పుడు వచ్చింది, కానీ మట్టి రాలలేదు. ముద్దలా, చాపలా, గడ్డితో సహా లేచింది. దాన్ని అట్లాగే చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఆ గడ్డి చాపలతోనే గండి పూడ్చాడు. అది నిలిచింది.

గండి నాదే, నిలిచిందీ నాదే. రెంటినీ డైరీలో రాసుకున్నాను.

వాన తగ్గాక పెద్దబాపు, ఏటా వానల నడుమ రెండోసారి చేసినట్టే, తన వైపు నుంచి గెట్టు చెక్కడానికి పార తెచ్చాడు. ఒక పొద్దున నేను గరిక పీకుతుంటే అవతల పార చప్పుడు వినిపించింది. నేను లేచేలోపే బాపు గొంతు వచ్చింది.

"అన్నా, చెక్కకు."

"నా దిక్కు నేను చెక్కుకుంటున్న. నీకేంది?"

"నీ దిక్కు, నా దిక్కు ఏముంది, గెట్టు ఒక్కటే. ఉండనీ."

"బిడ్డ మాట పట్టుకొని అన్నకు ఎదురొస్తవా?"

"బిడ్డ మాట గాదు. గండి పూడ్చింది నేను. ఏర్లు చేతుల పట్టి చూసిన."

పెద్దబాపు చాలాసేపు గొణిగాడు. గెట్టు మీద పాములు పిల్లలు పెడతాయన్నాడు. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు గెట్టు చూసి వెనక్కి పోతారన్నాడు. పోతే పోనీ. గెట్టు చూసి వెనక్కి పోయేవాళ్లు ఇంటి దాకా రాకపోవడమే మేలు. మొత్తానికి ఆ రోజు పార తీసుకుని పోయాడు. మళ్లీ తెస్తాడు. తెచ్చిననాడు నేను గెట్టు మీదే ఉంటాను.

ఇదంతా గెలుపని అనుకోవడం లేదు. గరిక రెండు సాళ్లలోకి దిగింది, దాన్ని ఇంకా పీకుతూనే ఉన్నాను. డబ్బా గుంజకే ఉంది. పైన వెంచర్ వాళ్లు ఉన్న గెట్లన్నీ చదును చేశారు, అక్కడి నీళ్లు కూడా ఇప్పుడు మా మీదికే వస్తున్నాయి. సీసాలో మూడు వేళ్లు ఉండే మట్టి ఇప్పుడు ఒక వేలు ఉంటోంది. అంత తగ్గడమే ఎక్కువని అందరూ అంటున్నారు. నేను అనను. ఆ వేలెడు కూడా మాదే. అది కూడా పోకూడదు.

మొన్న వానలు వెనకబట్టాక, గెట్టు మీద గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. బర్రెకు కోసుకొద్దామని కొడవలి తీసుకుని పోయాను. బాపు డ్యూటీ దిగి, యూనిఫాం మార్చకుండానే అటు వచ్చాడు. నేను వంగి మొదటి పిడికిలి పట్టుకునేసరికి వెనక నుంచి చెయ్యి చాపి కొడవలిని కొంచెం పైకి జరిపాడు.

"మొదలంట కోయకు బిడ్డా. జానెడు ఇడిచి కొయ్యి, మల్ల లేవాలె గద."